మిరప కల్లములో విడువని పొడిదగ్గు: స్త్రీలు ముందుగా దగ్గుట ఏల?

మాఘమాసము వచ్చుసరికి గుంటూరు, ఖమ్మము ప్రాంతముల మిరప కల్లములలో దగ్గు వినబడని పూట యుండదు. ఎండుకాయల నడుమ కూర్చుండి తొడిమలు తీయుచు, తాలుకాయలు ఏరుచున్న స్త్రీలు ముందుగా దగ్గుదురు. పురుషులు కొంత తడవు తాళుదురు. "ఆడవాళ్ళకు ఓర్పు తక్కువ" అని పరిహాసమాడుట నేను పలు కల్లములలో వినియున్నాను. నేను పైరులను గూర్చి బోధించువాడనే గాని వైద్యుడను కాను. అయినను ఆ మాట సరికాదనుటకు మన మిరపకాయయే సాక్ష్యమిచ్చుచున్నది.

మిరపకు కారమునిచ్చు పదార్థము కాప్సైసిన్. ఇది శ్వాసనాళములలోని నరముల కొనలను తాకినచో, వేడి తగిలినట్లే మెదడునకు వార్త పోవును, దగ్గు వచ్చును. కారమును, వేడిని పసిగట్టునది ఒకే గ్రాహకమని అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు 1997లో వెల్లడించిరి. 2021లో ఆయన నోబెల్ బహుమానమును మరియొకరితో కలిసి పొందెను. వైద్యులు ఈ కాప్సైసిన్‌నే మిక్కిలి పలుచన చేసి తుంపరగా పీల్పించి, ఎంత మోతాదుకు దగ్గు వచ్చునో చూతురు. ఏ జబ్బును లేని స్త్రీలు సైతము పురుషులకంటె తక్కువ మోతాదుకే దగ్గుదురు. చిన్నపిల్లలలో ఈ తేడా కనబడదు, యుక్తవయస్సుతో బయలుపడును. కావున ఇది నరముల స్వభావమే గాని ఓర్పుమాట కాదు.

పెద్దలలో 8 వారములు దాటిన దగ్గును దీర్ఘకాలపు దగ్గు అందురు. పలు దేశములలో ఇట్టి దగ్గుకు ప్రత్యేక చికిత్సకై వచ్చువారిలో మూడింట రెండువంతులు స్త్రీలే. ఎలర్జీ గలవారికి ధాన్యపు నుసి, బూజు, వయ్యారిభామ పుప్పొడి తగిలినచో తుమ్ములు, కండ్ల దురద వచ్చి, చీమిడి ముక్కు వెనుకనుండి గొంతులోనికి జారి దగ్గు పుట్టించును. పిల్లికూతలు లేక పొడిదగ్గు మాత్రమే కనబడు ఉబ్బసము కూడ కలదు; అది తరచు తెల్లవారుజామున హెచ్చును. ఉబ్బసము బాల్యమున మగపిల్లలకు ఎక్కువ, పెద్దయిన పిమ్మట స్త్రీలకు ఎక్కువ.

దీనికి పని పంపకము తోడగుచున్నది. తూర్పారబట్టుట, కల్లము ఊడ్చుట, కట్టెలపొయ్యి ముందు కూర్చుండుట ఎవరి వంతో మీకు తెలియనిది కాదు. పురుషుల ఇబ్బంది వేరు: ఎలర్జీ దగ్గును "చుట్టదగ్గులే" యని సంవత్సరములు గడుపుదురు. స్త్రీలకు మరియొక బాధ కలదు. గట్టిగా దగ్గినపుడు మూత్రము జారును. సిగ్గుచే ఇంటిలో చెప్పరు, కూలికి పోవుట మానుదురు. ఇది దగ్గుతోపాటు చికిత్స చేయదగినదే.

దుమ్ము రేగకుండుటకై కాయలపై నీళ్ళు చల్లు అలవాటు కొందరికి కలదు. ఇది ముమ్మాటికి తగదు. తేమ 10, 11 శాతము మించినచో కాయ బూజుపట్టును. అఫ్లటాక్సిన్ విషము చేరవచ్చును. ఆ బూజు దుమ్ము దగ్గును ఇంకను పెంచును. కాయలు ఎత్తిన పిమ్మట నేలను తడిపి ఊడ్చుడు. ఏరువారిని గాలికి ఎదురుగా గాక, గాలి వచ్చు వైపున కూర్చుండబెట్టుడు. పైటకొంగు, తువాలు సన్నని నుసిని ఆపజాలవు; ముఖమునకు బిగువుగా అమరు ఎన్-95 మాస్కు మేలు. దగ్గు వచ్చువారికి ఆ పూట వేరు పని ఇచ్చుడు, కూలి తగ్గింపకుడు.

రెండు వారములు దాటిన దగ్గు ఎలర్జీయని మీరే నిర్ణయింపరాదు. ప్రభుత్వ వైద్యశాలలో కఫ పరీక్ష ఉచితము. క్షయ లేదని ముందు తేల్చుకొనుడు. రక్తము పడినను, బరువు తగ్గినను, ఆయాసము వచ్చినను ఆ రెండు వారములు కూడ ఆగవలదు. రక్తపోటుకు మాత్రలు వాడుచున్నచో ఆ చీటీ వెంట తీసికొని పొండు. వానిలో ఒక తరగతి మాత్రలు పొడిదగ్గు తెచ్చును, అదియు స్త్రీలకే హెచ్చు. వైద్యుడు చెప్పక మునుపు వానిని మీ అంతట మానవలదు.