మడత చాకు కొంటున్నారా? ముందు దాన్ని ఇంటర్వ్యూ చేయండి!

డిగ్రీ అయిపోయింది. గ్రూప్స్‌కో, రైల్వేకో చదువుతున్నారు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోలేక ఆదోనిలో ఏ జిన్నింగ్ మిల్లు గోదాములోనో, కొరియర్ ఆఫీసులోనో, ఎమ్మిగనూరులో ఏ బట్టల దుకాణంలోనో పనికి చేరారు. మొదటి వారంలోనే ఓ సంగతి తెలిసొస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి కోస్తూనే ఉండాలి. గోనెసంచి మూతి కుట్టిన పురికొస, పార్సిల్ టేపు, అట్టపెట్టెకు బిగించిన ప్లాస్టిక్ పట్టీ.. ప్రతిసారీ ‘అన్నా, చాకు ఓసారి ఇయ్యి’ అని అడగలేం కదా! అలా చాలామంది జేబుల్లోకి ఓ మడత చాకు వచ్చి చేరుతుంది.

వస్తువు చిన్నదే, ధరా కొన్ని వందల్లోనే. కానీ సరిగ్గా ఎంచుకోకపోతే వేలు తెగుతుంది. తీసుకెళ్లకూడని చోటికి తీసుకెళ్తే ఏళ్ల తరబడి చదివిన పరీక్షే చేజారొచ్చు. అందుకే కొనేముందు కాస్త ఆగి ఇది చదవండి.

పత్తి బేరగాళ్లను చూడండి

ఆదోని మార్కెట్ యార్డుకు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ కొనేవాళ్లు ‘మంచి సరుకు’ అన్న మాట విని ధర చెప్పరు. పత్తిని గుప్పిట్లో పిండి తేమ చూస్తారు. కొంచెం దూది తీసి బొటనవేళ్ల మధ్య పట్టి లాగి పింజ పొడవు అంచనా వేస్తారు. సీసీఐ కొనుగోలు కేంద్రంలోనైతే తేమను మీటరుతో కొలుస్తారు. 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే వెనక్కి పంపేస్తారు.

చాకు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి. ఆన్‌లైన్‌లో ‘సూపర్ షార్ప్’, ‘మిలటరీ గ్రేడ్’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇవేవీ కొలిచి చెప్పిన మాటలు కావు. మీరు అడగాల్సినవి నాలుగే.. బరువు, అలుగు పొడవు, ఉక్కు పేరు, లాక్ రకం. ఈ నాలుగూ చెప్పని చాకును పక్కన పెట్టేయండి.

1. బరువెంత?

రోజంతా జేబులో ఉండాల్సిన వస్తువు 100 గ్రాములు దాటితే రెండో రోజే బ్యాగులోకి, మూడో రోజు అలమరలోకి పోతుంది. మంచి చాకు బరువుగానే ఉంటుందని అనుకోవద్దు. ఫ్రాన్స్‌లో 1890లో మొదలైన ఒపినెల్ చాకుల్లో బాగా పేరున్న 8వ నంబరు రకానికి చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల అలుగు ఉంటాయి. బరువు 50 గ్రాముల దగ్గరే. మీరు అదే కొనాలని కాదు, పోల్చుకోవడానికి ఓ కొలమానం ఉండాలి కదా.

తక్కువ ధరలో బరువు తగ్గించాలంటే పిడిని నైలాన్‌తోనో, అల్యూమినియంతోనో చేస్తారు. ఇందులో తప్పేం లేదు. నైలాన్ పిడి అయితే గట్టిగా నొక్కి చూడండి. వంగుతున్నట్టు అనిపిస్తే వద్దు.

2. అలుగు ఎంత పొడవు?

టేపు, పురికొస, పట్టీ, మధ్యాహ్నం ఓ జామకాయ.. ఈ పనులకు 6 నుంచి 8 సెంటీమీటర్లు చాలు. పొడవు పెరిగితే పనేమీ పెరగదు, చూసేవాళ్లకు అనుమానం మాత్రం పెరుగుతుంది.

3. ఏ ఉక్కు?

‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అంటే సగం జవాబే. అందులో ఏ రకమని అడగాలి. చవక చాకుల్లో తరచూ కనిపించేది 420జె2. దీంట్లో కార్బన్ తక్కువ. తుప్పును బాగా తట్టుకుంటుంది, కానీ త్వరగా మొద్దుబారుతుంది. ఇంకొంచెం పెట్టగలిగితే 8సీఆర్13ఎంఓవీ దొరుకుతుంది. దీని పేరులోనే కూర్పు ఉంది. దాదాపు 0.8 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం, కొద్దిగా మాలిబ్డినం, వెనేడియం. కార్బన్ ఎక్కువ కాబట్టి సరిగ్గా వేడిచేసి చల్లారిస్తే గట్టిపడుతుంది, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆ గట్టిదనాన్ని రాక్‌వెల్ ‘సి’ స్కేలుపై కొలుస్తారు.

మెకానికల్ డిప్లొమా, బీటెక్ వాళ్లకు ఇదంతా మెటీరియల్ సైన్స్ పాఠమే. హీట్ ట్రీట్‌మెంట్ గురించి ఇంటర్వ్యూలో అడిగితే పుస్తకంలో నిర్వచనం అప్పజెప్పే బదులు, ఒకే ఆకారంలో ఉన్న రెండు చాకుల్లో ఒకటి వారానికే ఎందుకు మొద్దుబారిందో చెప్పి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

4. లాక్ ఉందా?

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కొన్ని చాకుల్లో లాక్ ఉండదు, స్ప్రింగు ఒత్తిడితోనే అలుగు నిలబడుతుంది. తేలికపాటి కోతలకు అవి చాలు. గోనె, తాడు కోయాలంటే లాక్ ఉన్నదే తీసుకోండి. లోపలి రేకు పక్కకు జరిగి అలుగు మొదలును ఆపేది లైనర్ లాక్. పిడి వెనకభాగంలో నొక్కితే వదిలేది బ్యాక్ లాక్.

కొట్టులోనే పరీక్షించండి. చాకు పూర్తిగా తెరిచి, వేళ్లు అలుగు మడిచే దారిలో లేకుండా పిడిని పట్టుకుని, అలుగు వీపు మీద మెల్లగా నొక్కండి. లాక్ జారితే అక్కడే తిరిగిచ్చేయండి. అలుగును పక్కకు కదిపి చూడండి, లొడలొడలాడకూడదు. మడిచినప్పుడు అలుగు పిడి మధ్యలోకి దిగాలి, ఓ పక్కకు రాసుకోకూడదు. చివరగా పాత పేపర్ అంచు కోయండి. చింపకుండా, చప్పుడు లేకుండా దిగితే పదును ఉన్నట్టే. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ అందిన రోజే ఇవన్నీ చేసేయండి, రిటర్న్ గడువు దాటనివ్వద్దు.

చట్టం ఏమంటుంది?

ఆయుధ చట్టం-1959 కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మన చిన్న చాకు ఈ కొలతకు చాలా లోపే.

అలాగని ఎక్కడైనా చెల్లుతుందనుకోవద్దు. ఢిల్లీలో 1980 నుంచి ఉన్న నోటిఫికేషన్ ప్రకారం బటన్ నొక్కితేనో, స్ప్రింగుతోనో, అలాంటి యంత్ర ఏర్పాటుతోనో తెరుచుకునే చాకుల అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, కేసు పెట్టొచ్చు. కోచింగ్‌కో, ఇంటర్వ్యూకో అక్కడికి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. అసలు బటన్ చాకు జోలికే వెళ్లకండి. పని చేసే చేతికి దాని అవసరం లేదు.

జాతరలు, నిమజ్జనాలు, ఎన్నికల సమయాల్లో నిషేధాజ్ఞలు ఉండొచ్చు. పాత 144 సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 163వ సెక్షన్ వచ్చింది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళ్తూ జేబులో చాకు ఎందుకు చెప్పండి? గుంపులో చిన్న గొడవ జరిగి, సోదాలో మీ జేబులో అది దొరికితే పార్సిళ్లు కోయడానికని ఎవరికి చెప్తారు?

ఒక్క కేసు నమోదైనా దాని ప్రభావం దూరం వెళ్తుంది. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరాలు అడుగుతారు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది, అక్కడ రాసేది నిజమై ఉండాలి. దాచినట్టు తేలితే వచ్చిన ఉద్యోగానికే ఎసరు రావచ్చు.

పరీక్ష రోజు చాకు ఇంట్లోనే

చాకు రోజూ జేబులో ఉండేసరికి, అది ఉందన్న సంగతే మర్చిపోతాం. అసలు ప్రమాదం ఇదే. పరీక్ష కేంద్రం గేటు దగ్గర తనిఖీలో బయటపడితే ఎవరికివ్వాలి, ఎక్కడ దాచాలి? గేటు మూసే సమయం మీకోసం ఆగదు. ఎయిర్‌పోర్టులో క్యాబిన్ బ్యాగులో చాకును అనుమతించరు. కంపెనీ ఇంటర్వ్యూలకూ అంతే, సెక్యూరిటీ దగ్గర చాకు తీసి బల్ల మీద పెట్టడం ఎవరికీ మంచి ఆరంభం కాదు.

అందుకే హాల్‌టికెట్, ఆధార్, పెన్ను సర్దుకునే రాత్రే ప్యాంటు జేబులు, బ్యాగు చిన్న అరలు ఖాళీ చేయండి. ఇంట్లో చాకుకు ఓ చోటు కేటాయించండి. పని నుంచి రాగానే అక్కడే పెట్టాలి. అక్కడ కనిపించకపోతే ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు!

కొన్నాక ఇవి మర్చిపోవద్దు

• కోత ఎప్పుడూ ఒంటికి దూరంగా సాగాలి. తాడు పట్టుకున్న చెయ్యి అలుగు దారిలో ఉండకూడదు.

• స్క్రూలు తిప్పడానికి, మూతలు పెకలించడానికి వాడొద్దు. మొన విరుగుతుంది, లాక్ వదులవుతుంది. మగ్గం దగ్గర పోగులు తుంచడానికి చిన్న కత్తెరే సరైంది.

• జిన్నింగ్ మిల్లులో పనైతే మరీ జాగ్రత్త. దూది నూగు కీలులో చేరితే లాక్ పూర్తిగా పడదు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఓ చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. చాకును పత్తి కుప్ప మీద అస్సలు వదిలేయొద్దు. ఇనుప ముక్క పత్తితో పాటు యంత్రంలోకి వెళ్తే నిప్పురవ్వ లేస్తుంది, ఆ ఒక్క రవ్వ చాలు మిల్లు తగలబడటానికి.

• పురుగుమందు, ఎరువుల సంచులు కోసిన చాకుతో పండ్లు కోయొద్దు. టమాటా, నిమ్మ కోశాక కడిగి తుడవాలి.

• మొద్దుబారితే సాన పట్టండి. మొద్దు చాకుకు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది, చెయ్యి జారేది అప్పుడే.

చివరగా ఓ చిన్న కసరత్తు. చాకు కొన్నాక ఓ కాగితం మీద ఐదు వాక్యాలు రాయండి. ఏ పనికి కావాలి, ఏయే చాకులు చూశారు, ఏవి పరీక్షించారు, దేన్ని ఎందుకు వద్దనుకున్నారు, నెల తర్వాత ఎలా పనిచేసింది? ‘మీరు సొంతంగా తీసుకున్న ఓ నిర్ణయం గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చాలామంది తడబడతారు. మీ దగ్గర మాత్రం చూసి, కొలిచి, వాడి చెప్పే జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు చాకు ఇంట్లో ఉంటే చాలు!