నీచు వాసన నుంచి మందుబిళ్ళ దాకా!

సముద్రపు చేపలు తెచ్చిన రోజున ఇల్లాలు వాటికి ఉప్పూ, పసుపూ పట్టించి, నిమ్మకాయ పిండి కడుగుతుంది. పులుసులో చింతపండు ఉండనే ఉన్నది. నీచు వాసన పోతుంది. ఎందుకు పోయిందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే, మందుల పరిశ్రమలోని ఒక పెద్ద కిటుకు బయటపడుతుంది.

ఆ వాసన ట్రైమిథైల్ అమైన్ అనే పదార్థానిది. అమ్మోనియాలోని ఉదజనిని తీసి, ఆ చోట కర్బన సముదాయాలను కూర్చితే వచ్చేవే అమైన్లు. వీటికి ఆమ్లమంటే మహా ఆపేక్ష. పులుపు తగలగానే దానితో కలిసి లవణమైపోతాయి. లవణం గాలిలోకి ఎగరదు, ముక్కుకు అందదు. కాని నీటిలో చక్కగా కరుగుతుంది. చాలా మందుబిళ్ళలకు కావలసినది ఈ గుణమే!

భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1947లో, హెట్రజాన్ వెలుగు చూసింది. బోదకాలు క్రిమిపై పనిచేసే ఈ మందు అణువులో పైపరజీన్ అనే ఉంగరం వంటి అమైను ఉన్నది. దానిని బిళ్ళగా చేయడానికి కలిపే ఆమ్లమేదో తెలుసునా? నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లమే! వంటింటి కిటుకూ, మందుల కిటుకూ ఒక్కటేనన్నమాట.

అయితే అన్నానికి ఎసరు కావలసినట్లే మందుల తయారీకి ద్రావణులు కావాలి. టోలీన్, హెక్సేన్, మిథిలీన్ క్లోరైడు వంటి ఈ ద్రావణులు పని తీరాక ఎక్కడికో ఒక చోటికి పోవాలి గదా! 1980 తరువాత పటాన్‌చెరు ప్రాంతంలో కర్మాగారాల మురుగు నక్కవాగులో కలిసి, ఎందరో రైతుల పొలాలు పాడయినవి.

దీనికి మార్గం లేకపోలేదు. మనోవ్యాకులతకు వాడే సెర్ట్రలీన్ తయారీలో మిథైల్ అమైను ఒక ముడిసరుకు. పూర్వం ఆ చర్యలో పుట్టే నీటిని తొలగించడానికి టైటానియం టెట్రాక్లోరైడు వాడేవారు. దానికి బదులు ఇథనాలును ఎసరుగా పెడితే, కావలసిన పదార్థం అందులో కరగక తానే అడుగున పేరుకుంటుంది. టన్ను మందుకు 60,000 గ్యాలన్లుగా ఉన్న ద్రావణుల ఖర్చు 6,000కు దిగింది. 2002లో దీనికి అమెరికా ప్రభుత్వ బహుమానం లభించింది.

ఇంకొక వింత. కోళ్ళ దాణాలో కలిపే కోలీన్ క్లోరైడును మన చేపల వాసన ట్రైమిథైల్ అమైను నుంచే చేస్తారు. దాని అణువు ఒకటికి యూరియా అణువులు రెండు చొప్పున కలిపితే, ఆ రెండు పొడులూ కరిగి చిక్కని ద్రవమవుతాయి! ఇంగ్లండులోని లెస్టర్ శాస్త్రజ్ఞులు 2003లో ఈ సంగతి ప్రకటించారు. ఈ ద్రవం సులభంగా ఆవిరి కాదు, మంట అంటుకోదు. కాని తేనెలా సాగుతుంది గనుక, తయారైన సరుకును అందులోంచి వేరు చేయడం కష్టం.

మందు రోగిని బ్రతికిస్తే చాలదు. అది ఏ ఎసట్లో ఉడికిందో, ఆ ఎసరు చివరకు ఎవరి చేలో పారిందో కూడా మనం అడగాలి.