టేపు లేని క్యాసెట్టు

కారుకూ పాటల పెట్టెకూ ఆయుష్షులో పొంతన లేదు. అమెరికా రోడ్ల మీద తిరిగే కార్ల సగటు వయసు 2024 నాటికి 12.6 ఏళ్లు. చేతిలో పట్టే పాటల యంత్రం మాత్రం నాలుగేళ్లు తిరిగేసరికి పాతబడిపోతుంది. 1979లో వాక్‌మన్ వచ్చింది, 1984లో చేతి సీడీ ప్లేయరు, 2001లో ఐపాడ్, ఆ తరవాత ఫోను. ఇన్ని తరాలు మారుతున్నా, కంపెనీ డ్యాష్‌బోర్డులో బిగించి పంపిన స్టీరియో తాను పుట్టిననాటి లోకంలోనే ఉండిపోతుంది.

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో దిగిన తెలుగువాళ్లకు ఇది తెలిసిన తంటాయే. మాన్‌హాటన్‌లో ఉద్యోగానికి పాత్ రైలు ఉంది కనక వారమంతా కారుతో పని పడదు. శనివారం వస్తే ఎడిసన్‌లో సరుకులకూ, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికీ కారు కావాలి. అందుకని కొనేది ఓ సెకండ్‌హ్యాండ్ క్యామ్రీయో, అకార్డో. 2000ల మొదట్లో అలాంటి కారులో ఉన్నవి క్యాసెట్టు, రేడియో. ఘంటసాల నుంచి ఇళయరాజా దాకా పాటలన్నీ ఐపాడ్‌లో. రెంటికీ మధ్య ఎడం రెండడుగులు. ఆ రెండడుగులు దాటించడానికి ఇంజనీర్లకు ఇరవై ఏళ్లు పట్టింది.

స్టీరియోనే మార్చేస్తే పోదా? ఒకప్పుడు పోయేది. 1930లో గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో అమ్మిన కారు రేడియో విడిగా కొని బిగించుకునే సరుకే. తరవాత జర్మన్ ప్రమాణం ప్రకారం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల గూడు స్థిరపడింది. పాతది లాగి కొత్తది తోస్తే సరి. అంత సులువుగా ఊడి రావడం దొంగలకూ కలిసొచ్చింది. 1980ల న్యూయార్క్‌లో కారు అద్దానికి ‘ఇందులో రేడియో లేదు’ అని బోర్డు పెట్టుకునేవారు. 1990లు దాటాక కంపెనీలు స్టీరియోను డ్యాష్‌బోర్డు ఆకారంలోనే పోతపోసి, కారు లోపలి వైర్ల జాలంలో కలిపేశాయి. కొన్ని జనరల్ మోటార్స్ కార్లలో సీటుబెల్టు పెట్టుకోమని హెచ్చరించే గంట కూడా రేడియోలోంచే మోగుతుంది. రేడియో పీకేస్తే గంటా పోతుంది.

కనక ఉన్నదానితోనే సర్దుకోవాలి. ఉన్నదానికి తెలిసినవి మూడే: క్యాసెట్టు, రేడియో స్టేషను, డిక్కీలో కూర్చునే సీడీ ఛేంజర్. కొత్తవాణ్ణి అది రానివ్వదు. పగటివేషగాడు తహసీల్దారు వేషం కట్టి కచేరీలోకి నడిచినట్టు, ఐపాడ్ కూడా ఆ మూడింట్లో ఒకదాని వేషం కట్టి లోపలికి పోవాలి.

క్యాసెట్టు వేషం

మూడింట్లో పాతది ఇదే, తెలివైనదీ ఇదే. సీడీ ప్లేయర్ని కారు స్టీరియోతో కలిపే క్యాసెట్టుకు లారీ షాట్జ్ అనే అమెరికన్ ఇంజనీరు 1988లో పేటెంట్ పొందాడు. చూడటానికి మామూలు క్యాసెట్టే, ఓ మూలనుంచి సన్నటి వైరు వేలాడుతుంటుంది. విప్పి చూస్తే లోపల టేపు ఉండదు. అంచు మధ్యలో, స్టీరియో హెడ్డు వచ్చి ఆనే చోట, దానికి ఎదురుగా మరో హెడ్డు ఉంటుంది. మిగతాదంతా పళ్ల చక్రాలు.

అసలు క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో హెడ్డును రాసుకుంటూ పోతుంది. టేపు మీది అయస్కాంతత్వం మారినకొద్దీ హెడ్డులోని తీగచుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. హెడ్డుకు కావలసిందల్లా మారుతున్న అయస్కాంత క్షేత్రం. అది టేపు నుంచి వచ్చిందో, ఎదుటి తీగచుట్ట నుంచి వచ్చిందో దానికి అనవసరం. ఐపాడ్ ఇయర్‌ఫోను రంధ్రం నుంచి వచ్చిన విద్యుత్తు ఈ రెండో హెడ్డులో పారితే అక్కడ పాటకు తగ్గట్టు ఊగే క్షేత్రం పుడుతుంది, స్టీరియో దాన్ని టేపే అనుకుని చదువుకుంటుంది.

మరి పళ్ల చక్రాలెందుకు? హెడ్డు నమ్మినా డెక్కు ఊరికే నమ్మదు. ఇరుసు తిరగడం ఆగితే టేపు అయిపోయిందని రెండో వైపుకు మళ్లుతుంది, లేదా క్యాసెట్టును బయటికి కక్కేస్తుంది. అది తిరుగుతూనే ఉందని చూపడానికే ఆ చక్రాలు. పాటకూ పాటకూ మధ్య వినిపించే టికటిక వాటిదే. రెండు హెడ్లూ వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఒక స్పీకరు మందగిస్తుంది. అప్పుడు క్యాసెట్టును తీసి మళ్లీ తోయడమే వైద్యం. డాల్బీ మీట ఆపి ఉంచాలి. ఎందుకంటే టేపు బుసను అణచడానికి పెట్టిన ఆ ఏర్పాటు, బుసే లేని పాటలో పైస్వరాలను మింగేస్తుంది. అమెరికాలో క్యాసెట్టు డెక్కుతో వచ్చిన చివరి కొత్త కారు 2010 నాటి లెక్సస్ ఎస్‌సీ 430. దాంతో ఈ వేషానికి తలుపు మూసుకుపోయింది.

రేడియో వేషం

క్యాసెట్టు సందు కూడా లేని కారుకు చిన్న ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్ దొరికేది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే అది బుల్లి రేడియో స్టేషను అవుతుంది. ఖాళీ ఫ్రీక్వెన్సీ చూసుకుని, రేడియోను అక్కడికి తిప్పుకోమని డబ్బా మీద రాసి ఉంటుంది. జెర్సీ సిటీలో వచ్చే చిక్కంతా ఆ ఖాళీ దగ్గరే.

అమెరికాలో 88.1 నుంచి 107.9 దాకా 0.2 మెగాహెర్ట్జ్ ఎడంతో సరిగ్గా 100 చానెళ్లు. ఈ ప్రాంతంలో 92.3తో మొదలుపెట్టి 93.1, 93.9, 94.7 అంటూ ప్రతి 0.8కీ ఒక పెద్ద స్టేషను చొప్పున 107.5 దాకా 20 స్టేషన్లు వరసగా కూర్చున్నాయి. మధ్య సందుల్లో చుట్టుపక్కల ఊళ్ల స్టేషన్లు వినిపిస్తాయి. 92కు దిగువన వ్యాపారేతర స్టేషన్లు: 88.3లో నూవార్క్ జాజ్ స్టేషను, 89.5లో సెటన్ హాల్ విశ్వవిద్యాలయం, 89.9లో కొలంబియా విశ్వవిద్యాలయం, 91.1లో డబ్ల్యూఎఫ్ఎమ్‌యూ. ఆ చివరిదాని స్టూడియో ఉన్నది జెర్సీ సిటీలోనే.

ఇరుకు ఒక్కటే కాదు, బలాబలాల తేడా కూడా ఉంది. పెద్ద స్టేషన్లు ఎక్కువభాగం హడ్సన్ నదికి ఆవలి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ నెత్తి మీదనుంచి ఒక్కొక్కటి సుమారు 6 కిలోవాట్లతో ప్రసారమవుతాయి. జర్నల్ స్క్వేర్‌కు ఆ భవనం 7 కిలోమీటర్ల లోపే. మధ్యలో అడ్డేమీ లేదనుకుని లెక్కగడితే ఇక్కడ దాని క్షేత్రబలం మీటరుకు దాదాపు 80 మిల్లీవోల్టులు. లైసెన్సు లేని బుల్లి ట్రాన్స్‌మిటర్‌కు ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన హద్దు, 3 మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు. యాంటెన్నా ఒక్క మీటరు దూరంలోనే ఉందనుకున్నా 750 మైక్రోవోల్టులకు మించదు. అంటే పక్క సీటులోని ఐపాడ్ కన్నా నది అవతలి స్టేషను నూరింతలు గట్టిగా పలుకుతోంది.

ఎఫ్ఎమ్ స్వభావం దీనికి తోడైంది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు స్టేషన్లు పడితే పాత మీడియం వేవ్ రేడియో రెంటినీ కలగలిపి వినిపిస్తుంది. ఎఫ్ఎమ్ రిసీవరు బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. ఎఫ్ఎమ్ ప్రసారాన్ని రూపొందించి 1933లో పేటెంట్లు పొందిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, 1934లో దాన్ని పరీక్షించింది ఈ ఎంపైర్ స్టేట్ మీదనుంచే. అక్కడ ఆర్‌సీఏ కంపెనీ చోటు ఖాళీ చేయమంటే, జెర్సీ సిటీకి ఉత్తరాన హడ్సన్ ఒడ్డు కొండల మీద ఆల్పైన్‌లో 400 అడుగులు దాటిన టవరు కట్టుకున్నాడు. అదింకా నిలిచే ఉంది. పక్క స్టేషను గోల వినబడకుండా చేసే ఆ గుణమే బలహీనుడైన ఐపాడ్ పాలిట శాపం. రెండు బలాలూ సమానంగా ఉన్న చోట ఇంకో తమాషా. కెనడీ బులవార్డ్ మీద సిగ్నల్ దగ్గర ఆగితే చరణం మధ్యలో జాజ్ దూరుతుంది, కారు పది గజాలు కదిలితే పాట తిరిగొస్తుంది. ఇక్కడ ఖాళీగా ఉన్న చోటు టర్న్‌పైక్ పట్టుకుని ఎడిసన్ చేరేసరికి ఖాళీగా ఉండదు.

కొందరు తయారీదారులు హద్దు మీరి బలం పెంచారు. 2006లో కొన్ని శాటిలైట్ రేడియో పెట్టెల ట్రాన్స్‌మిటర్లు పరిమితి దాటుతున్నాయని ఎఫ్‌సీసీ తేల్చింది. వ్యాపారేతర స్టేషను వింటున్నవాళ్లకు పక్క కారులోని కార్యక్రమం వినబడుతోందన్న ఫిర్యాదులు అప్పటివే. చట్టానికి లోబడిన మందు వేరే ఉంది. యాంటెన్నా వైరును విప్పి మధ్యలో చిన్న పెట్టె కలపడం. పాట మోగుతున్నంతసేపూ ఆ పెట్టె యాంటెన్నాను తెంచేసి, తన సంకేతాన్ని తీగ మీదే రేడియోకు అందిస్తుంది. నది అవతలి గొంతులు లోపలికే రావు.

ఛేంజర్ వేషం

మూడో దారి స్టీరియో వెనకాల ఉంటుంది. డిక్కీలో 6 సీడీల ఛేంజర్ పెట్టించుకునేవారి కోసం కంపెనీ ఒక సాకెట్ వదిలేది. పాట వైర్లు అందులో కలిపినంత మాత్రాన మోగదు. స్టీరియో ముందు ‘ఉన్నావా?’ అని అంకెల భాషలో అడుగుతుంది, ఛేంజర్ ‘ఉన్నా’ననాలి. ఏ డిస్కు, ఎన్నో పాట, ఎన్ని సెకన్లు గడిచాయో చెబుతూనే ఉండాలి. ఆ భాష ఒక్కో కంపెనీకి ఒక్కోటి. టొయోటాది ఏవీసీ-లాన్. దాన్ని పసిగట్టి, లేని ఛేంజర్ తరఫున జవాబులు చెప్పే పెట్టెలు అమ్మకానికొచ్చాయి. 2004లో బీఎమ్‌డబ్ల్యూ తానే ఐపాడ్ కేబుల్ తెచ్చింది. స్టీరింగు మీటలతో పాటలు మారేవి, శబ్దం నిఖార్సుగా ఉండేది. కానీ వేషం వేషమే. స్టీరియోకు డిస్కులంటే ఆరు, పాటలంటే రెండంకెలు. వేల పాటల ఐపాడ్‌లో ఏ పాట మోగుతున్నా తెర మీద కనబడేది ‘డిస్క్ 3, ట్రాక్ 17’.

తెరిచిన తలుపు, మళ్లీ మూసిన తలుపు

2000ల నడుమ కార్లలో 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ రంధ్రం మామూలైంది. ఇక్కడ వేషం అక్కరలేదు, ఊగే వోల్టేజి చాలు. దానికీ ఓ పీడ ఉంది. ఐపాడ్‌ను ఆక్స్‌కూ, ఛార్జర్‌కూ ఒకేసారి తగిలిస్తే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పైకి లేచే కీచుమనే రొద వస్తుంది. కారు ఆల్టర్నేటర్ 12 ధ్రువాలదైతే ఒక్క చుట్టుకు 36 విద్యుత్ అలలు పుడతాయి. నిమిషానికి 2400 చుట్లు తిరిగితే సెకనుకు 1440. ఛార్జరూ, స్టీరియో వేర్వేరు చోట్ల కారు బాడీకి ఎర్తు కావడంతో ఆ రెండు చోట్ల మధ్య తేడా పాట వైరులోకి పాకుతుంది. రెండు తీగచుట్టల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెడితే పాట దాటుతుంది, ఎర్తు తెగుతుంది, రొద పోతుంది.

తరవాత వచ్చినవన్నీ మళ్లీ భాషలే. ఐపాడ్ కోసం 30 పిన్నుల కేబుల్ అమర్చిన కార్లు, 2012లో యాపిల్ ఆ సాకెట్ మార్చేసరికి దిక్కులేనివయ్యాయి. బ్లూటూత్ రేడియో వేషంలోని తప్పును దిద్దుకుంది. ఖాళీ సీటు వెతకదు, 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది, ఒక చోట రద్దీ తగిలితే ఇంకో చోటికి పోతుంది. 2014లో కార్‌ప్లే, మరుసటి ఏడు ఆండ్రాయిడ్ ఆటో వచ్చి ఫోను తెరనే డ్యాష్‌బోర్డు మీదికి తెచ్చాయి. 2023లో జనరల్ మోటార్స్ తన కొత్త విద్యుత్ కార్లలో ఆ రెంటికీ చోటు లేదంది. తలుపు తాళం మళ్లీ కారు కంపెనీ చేతికే వెళ్లింది.

అందుకే పాత కారు కొనేవాళ్లు మైళ్లతో పాటు ఆక్స్ రంధ్రం ఉందో లేదో కూడా చూసుకోవడం మంచిది. అది లేకపోతే క్యాసెట్టు సందు, అదీ లేకపోతే యాంటెన్నా వైరులో కలిపే పెట్టె. జెర్సీ సిటీలో మాత్రం గాలిలో పలికే ట్రాన్స్‌మిటర్ జోలికి పోవద్దు. ఏ కంపెనీ ఏ సాకెట్ మార్చినా, ఏ ఒప్పందం రద్దు చేసినా ఆక్స్ రంధ్రం పనిచేస్తుంది. ఎదుటి యంత్రం పేరేమిటని, వయసెంతని అది అడగదు.