ఓజస్సును హరించునది వయస్సు మాత్రమేనా?

1889వ సంవత్సరము జూన్ మాసమున, పారిస్ నగరమందలి జీవశాస్త్ర పరిషత్తు సభలో, డెబ్బది రెండేండ్ల వృద్ధుడును, శరీరధర్మ శాస్త్రమున లోకవిఖ్యాతి గడించినవాడును అగు బ్రౌన్-సెకార్ లేచి నిలిచి, కుక్కల యొక్కయు గినీ పందుల యొక్కయు వృషణములనుండి తీసిన రసమును తాను సూదితో ఎక్కించుకొంటిననియు, తత్ఫలితముగా తన బాహుబలమును మేధాశక్తియు మరల చిగిర్చినవనియు ప్రకటించెను. ఆ మహనీయుడు అసత్యమాడలేదు. తనకు తోచినదే చెప్పెను. కాని నీటితో తీసిన ఆ రసమున, నీట కరుగుట మిక్కిలి దుర్లభమైన టెస్టోస్టెరాన్ అను పురుష హార్మోను లేశమాత్రమే ఉండును గనుక, ఆయన అనుభవించిన పునర్యౌవనము విశ్వాసము యొక్క మహిమయేగాని ఔషధము యొక్క మహిమ కాదు. ఆ హార్మోనును శుద్ధరూపమున చూచుటకు లోకము 1935వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెను. ఆనాడు ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు ఆబోతుల వృషణములు నూరు కిలోలనుండి పది మిల్లీగ్రాములు మాత్రము రాబట్టగలిగిరి.

ఆ పునర్యౌవనపు ఆశ మాత్రము నేటికిని చావలేదు. రైలు పట్టాల వెంబడి గోడలపైనను, బస్సు స్టాండుల స్తంభములపైనను, పోయిన పుంసత్వమును పక్షము దినములలో తెప్పింతుమని పలుకు పెద్ద పెద్ద అక్షరములు మనలను వెంటాడుచునే యున్నవి. వైద్యుని అడుగుటకు సిగ్గుపడి, కన్నకొడుకుతో చెప్పుకొనజాలక, తుదకు ఆ గోడనే నమ్ముకొనిన పెద్దలెందరో కలరు. వారి దైన్యము పరిహాసపాత్రము కాదు. వారికి నిజము చెప్పువారు కరువైరనుటయే నా బాధ.

ఆ నిజమేమన, పురుషులలో ముప్పది నలువది ఏండ్లు గడచిన పిమ్మట ఈ హార్మోను ఏటేట నూటికి సుమారొక పాలు చొప్పున తగ్గుట సామాన్యమే. కాని అట్టి తగ్గుదల నిజమైన వ్యాధిగా పరిణమించుట మనమనుకొనునంత సామాన్యము కాదు. ఐరోపాలో ఎనిమిది కేంద్రములయందు 40 మొదలు 79 ఏండ్ల వయస్సుగల 3,369 మంది పురుషులను పరీక్షించి 2010లో వెలువరించిన అధ్యయనమున, హార్మోను కొరతయు దానికి తగిన లక్షణములును రెండును కలసి కనిపించినవారు నూటికి ఇంచుమించు ఇద్దరే. డెబ్బది దాటినవారిలో సైతము అయిదుగురే. మరి తక్కినవారి నిస్త్రాణకు కారణమెవరు?

ప్రధానమైన అపరాధి పొట్ట. మెదడునందలి అధోపర్యంకము పీయూష గ్రంథిని ప్రేరేపింప, పీయూష గ్రంథి వృషణములలోని లైడిగ్ కణములను ప్రేరేపింప, వానినుండి టెస్టోస్టెరాన్ పుట్టుచుండును. దేహమున పేరుకొనిన మేదస్సు ఈ హార్మోనులో కొంతభాగమును గ్రహించి స్త్రీ హార్మోనుగా మార్చుటయేగాక, ఆ పై గ్రంథులను మందగింపజేసి ఉత్పత్తినే కుంటుపరచును. అయితే ఈ మార్గము మరలి రాదగినది. పైని చెప్పిన పురుషులనే నాలుగేండ్లకు పైగా గమనింపగా, బరువు తగ్గినవారికి తగ్గినకొలది హార్మోను పెరిగెను. బరువు పెరిగినవారికి పెరిగినకొలది అది క్షీణించెను. సన్నని కాళ్లుచేతులు, ముందుకు పొడుచుకొనివచ్చిన పొట్ట, దానికి తోడు మధుమేహము: ఇది మన తెలుగు పెద్దలలో ఎంత పరిచితమైన రూపమో వేరుగ చెప్పనక్కరలేదు. మధుమేహము గల పురుషులలో మూడవ వంతు మందికి ఈ హార్మోను తక్కువగా నుండుట 2004లో అమెరికాయందలి బఫెలో నగర వైద్యులు చూపినారు. నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటనిచ్చి, లేహ్యములకొరకు వెదకుట, బండి బరువు దింపక ఎద్దును అదలించుటవంటిది.

మన యింటి విస్తరినే చూడుడు. మధ్యాహ్నవేళ తెల్లని అన్నము గుట్టగా పోసి, దాని నడుమ చిన్న గుంట చేసి అందు గరిటెడు పప్పు, ప్రక్కన ఇంత పచ్చడి, తరువాత చారు, తుదకు మజ్జిగ. ప్రతి వడ్డనకును మరల అన్నమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు, రోజు మొత్తపు శక్తిలో ధాన్యముల పాలు నూటికి 45ను మించరాదని చెప్పుచున్నవి. అన్నము సగమునకు తగ్గించి, ఆ స్థానమున పప్పును, కూరలను, గుడ్డునో చేపనో చేర్చుటకు రూక ఖర్చు పెద్దగా నుండదు; ఇంట కావలసినది అంగీకారము.

ఇక వ్యాయామము. తెల్లవారుజామున పార్కులో మాటలాడుచు నడచుట మేలేగాని, కండరమునకు అది చాలదు. పీటమీదనుండి లేచునపుడు పెద్దాయన ఒక అరచేయి నేలకానించి, రెండవది మోకాలిపై మోపి, ఒక్క క్షణమాగి, ఊపిరి బిగబట్టి లేచుటను మనము చూచుచుందుము. తొడల బలము జారిపోవుచున్నదనుటకు అంతకంటె సాక్ష్యమక్కరలేదు. చేతులు ఆనించక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, గోడకు అరచేతులు మోపి దేహమును ముందుకు వెనుకకు నెట్టుట, పిమ్మట క్రమముగా బరువులెత్తుట: వీనితో రక్తపరీక్షలోని అంకె అంతగా మారకపోవచ్చునని ముందే చెప్పుట ధర్మము. కాని ఆ హార్మోనునుండి మనము కోరునది బలమేకదా, అది చేకూరును.

నిద్రను చులకన చేయువారు చికాగో విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయోగమును తెలిసికొందురుగాక. ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను వారము దినములు రాత్రికి అయిదు గంటలే నిద్రింపనీయగా, పగటివేళ వారి టెస్టోస్టెరాన్ నూటికి 10 నుండి 15 పాళ్లు పడిపోయెను. యువకులకే ఇట్లయిన, గురకపెట్టుచు నడుమ నడుమ ఊపిరి ఆగిపోయి ఉలికిపడి లేచు వృద్ధుల సంగతి వేరుగ చెప్పవలెనా?

మూలికల విషయమున తొందర పనికిరాదు. పెన్నేరుగడ్డ కొంత మేలు చేయునని చిన్న చిన్న పరీక్షలు చెప్పుచున్నవి. దానివలన కాలేయము చెడినవారును లేకపోలేదు. జింకు కథ మరింత విలువైనది. బిహారులో జన్మించిన ఆనంద ప్రసాద్ అను వైద్యుడు, ఇరాన్ దేశపు గ్రామములలో పొట్టు రొట్టెయే ముఖ్యాహారముగా బ్రతుకుచు యౌవన చిహ్నములు పొందక గిడసబారిన యువకులను చూచి, జింకు కొరతను లోకమునకు ఎరుకపరచెను. ఆయనయే 1996లో, స్వల్పముగా జింకు లోపించిన వృద్ధులకు ఆరునెలలు దానినిచ్చి, వారి టెస్టోస్టెరాన్ దాదాపు రెట్టింపగుట చూపెను. లోపమున్నవారికే ఈ ఫలము. లోపము లేనివారు మాత్రలు మ్రింగిన ప్రయోజనము శూన్యము.

అయినను అన్నిటికిని ఆహారవిహారములే చాలునని నేననను. అంగస్తంభన లోపమునకు పలుమార్లు హార్మోను కాక, రక్తనాళములు మూసికొనుట కారణమగును. అది గుండెజబ్బునకు ముందు వచ్చు హెచ్చరిక కావచ్చును. చూపు మందగించుచు తలనొప్పి వచ్చువారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, దీర్ఘకాలము స్టెరాయిడ్లో నల్లమందు జాతి నొప్పిమందులో వాడువారు వైద్యుని చూచుటకు ఆలసింపరాదు. నిజమైన వ్యాధి కలవారికి హార్మోను చికిత్సయే తగినది. తక్కినవారు మాత్రము, పైనుండి ఇచ్చిన హార్మోను వలన స్వంత ఉత్పత్తి ఆగిపోవుననియు, 2023లో వెలువడిన పెద్ద పరీక్షలో గుండెపోట్లు పెరుగకపోయినను, గుండె లయ తప్పుటయు ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలును ఎక్కువగా కనిపించెననియు తెలిసి అడుగిడవలెను.

ఈ హార్మోను రక్తపరీక్షకు ఉదయము పది గంటలలోపున, పరగడుపున పోవలెను. ఒకమారు తక్కువ వచ్చిన, మరియొక దినమున మరల చేయించి చూడవలెను. వైద్యుని కడకు పోవునపుడు ఇంటనున్న మాత్రలు, పొడులు, లేహ్యములు అన్నియు సంచిలో వేసికొని పోవుట మంచిది. గురక సంగతి మాత్రము రోగికి తెలియదు. కావున ఆ రాత్రుల నెరిగిన భార్యను వెంటబెట్టుకొని పోవలెను.