దావా చేస్తే చాలదు, దలీల్ చూపాలి

డిగ్రీ పూర్తయిన మన పిల్లలకు ఇంట్లో వినవచ్చే సలహాలు కొన్నే. గ్రూప్స్ పరీక్షలు రాయమంటారు, గల్ఫ్‌కు వెళ్ళమంటారు, లేదా చెన్నైలో కొలువు చూసుకోమంటారు. మా నాయుడుపేట వారికైతే మేనకూరు సెజ్ కంపెనీలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ విధానాలను పరిశీలించి రాయడం కూడా ఒక వృత్తేనని, నెలనెలా భృతి ఇచ్చి ఆ పని నేర్పే ఫెలోషిప్పులు ఉన్నాయని చెప్పేవారు తక్కువ.

ఢిల్లీలోని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ 2010లో ప్రారంభించిన ‘ల్యాంప్’ ఫెలోషిప్ అలాంటిదే. ఎంపికైనవారు వర్షాకాల సమావేశాలు మొదలు బడ్జెట్ సమావేశాల వరకు ఒక పార్లమెంటు సభ్యుని వద్ద పనిచేస్తారు. బిల్లులను చదివి సారాంశం రాస్తారు. సభలో అడగవలసిన ప్రశ్నలను సిద్ధం చేస్తారు. ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా ఫరవాలేదు. వయసు 25 సంవత్సరాలు మించకూడదు.

దీనితో మనకేమి పని అని అడగవచ్చు. మన రిజర్వేషన్ల చరిత్ర చూడండి. 2004లో ముస్లింలకు 5 శాతం కేటాయిస్తూ ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవోను, బీసీ కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు కొట్టివేసింది. 2005లో చేసిన చట్టం కూడా హైకోర్టులో నిలవలేదు. 2007లో విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ నివేదిక ఇచ్చారు. ముస్లింలందరినీ ఒకే గాట కట్టకుండా అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు వంటి వెనుకబడిన వర్గాలను అందులో వేరుచేసి చూపారు. ఆ తర్వాత బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఇన్నేళ్ళ వాదనల్లో పదేపదే ఎదురైన ప్రశ్న ఒకటే: ఆధారాలేవి, వాటిని ఎలా సేకరించారు? సభల్లో మన ఉపన్యాసాలు ఆ ప్రశ్నకు జవాబు కాలేవు. కాగితం మీద లెక్క చూపగలవారు కావాలి.

దావా చేసినవాడే దలీల్ చూపాలని మద్రసాలో మేము చదువుకున్నాము. ఫెలోషిప్ దరఖాస్తుకూ అదే సూత్రం. అందులో అడిగే వ్యాసంలో చాలామంది దేశ సమస్యలన్నీ ఏకరువు పెడతారు. అంతకన్నా మీ వీధిలోని ఒక్క విషయం తీసుకోండి. పదో తరగతి తర్వాత ఆడపిల్లలు చదువు మానేస్తున్నారని మీకు తోస్తే, అది దావా మాత్రమే. మీ బడిలో నిరుడు పదో తరగతి ప్యాసైనవారు ఎందరు, ఇంటర్‌లో చేరినవారు ఎందరు? మిగిలినవారిని ఆపినది ఫీజా, బస్సా, పెళ్ళా? ఇళ్ళకు వెళ్ళి అడగండి. కార్యాలయాల లెక్కలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో మండల కార్యాలయంలో అర్జీ రుసుము 5 రూపాయలే. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తర్వాత పరిష్కారం రాయండి. ‘ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి’ అని ముగిస్తే రాయనట్లే. ఏ శాఖ, ఏ అధికారి, ఏ ఉత్తర్వు మార్చాలి, ఖర్చెంత అన్నది చెప్పాలి. మీ వాదనకు ఎదురు వాదన ఏముందో కూడా రాసి జవాబివ్వండి. ఇంగ్లీషు భయమైతే ముందు తెలుగులోనో ఉర్దూలోనో రాసుకోండి. ఆలోచన తిన్నగా ఉంటే భాషను ఒక మంచి మాస్టారు దిద్దగలరు. ఇంటి కష్టాలు పేజీల కొద్దీ రాయకండి. మీరు చేసిన పని రాయండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఏడాదిపాటు ఢిల్లీ అంటే ఆడపిల్లల విషయంలో వెనుకాడతారు. వసతి, భద్రత గురించి విచారించండి, అడగకముందే కాదనకండి. మొదటిసారి ఎంపిక కాకపోయినా సేకరించిన లెక్కలు వృథా పోవు. వాటినే అర్జీగా రాసి తిరుపతి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు.