విరాసత్: నెత్తుటిలో వచ్చేది, నీటిలో వచ్చేది

ఉర్దూలో 'విరాసత్' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తండ్రి విడిచిపోయిన పొలమూ ఇల్లూ బిడ్డలకు దక్కడం ఒకటి. తండ్రి ముక్కుతీరు, తల్లి మేనిఛాయ బిడ్డలకు రావడం రెండోది. మొదటిదాన్ని మద్రసాలలో 'ఇల్ముల్ ఫరాయిజ్' పేరిట బోధిస్తారు. రెండోదాన్ని విశ్వవిద్యాలయాలలో జన్యుశాస్త్రం పేరిట బోధిస్తారు. ఆస్తి విరాసత్‌లో తగాదా వస్తే ముఫ్తీ సాహెబ్‌నో, న్యాయస్థానాన్నో ఆశ్రయిస్తాము. శరీర విరాసత్ విషయంలో మాత్రం తీర్పు చెప్పేది ఇంటి పెద్దలూ, ఇరుగుపొరుగువారూ.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో తరచూ వినిపించే తీర్పులు మూడున్నాయి. ఫ్లోరైడు నీటి ఊరి పిల్లకు రిష్తా వస్తే, "ఆ ఖాందాన్‌లో కాళ్ల వంకర ఉంది, అది నెత్తుటిలోనే ఉంది, వద్దు" అంటారు. ఇది మొదటిది. మూడోసారీ ఆడపిల్ల పుడితే కోడలి కడుపునే తప్పుపడతారు. ఇది రెండోది. చిన్నాన్న కూతురిని చేసుకునేటప్పుడు, "మన నెత్తురే కదా, మనకు తెలియనిదేముంది" అంటూ ఏ విచారణా లేకుండా నికాహ్ ముగిస్తారు. ఇది మూడోది. ఈ మూడూ పొరపాటు తీర్పులే. మొదటి రెండింటివల్ల నిర్దోషులకు శిక్ష పడుతోంది. మూడోదానివల్ల పుట్టబోయే బిడ్డకు కష్టం వచ్చే అవకాశముంది. కనుక ఈ విరాసత్ ఎలా నడుస్తుందో తెలుసుకోవడం అవసరం.

రెండు ప్రతుల గ్రంథం

మన శరీరం లెక్కలేనన్ని జీవకణాలతో ఏర్పడింది. దాదాపు ప్రతి కణంలోనూ ఒక కేంద్రకం, ఆ కేంద్రకంలో దారపు పోగుల్లాంటి క్రోమోజోములు ఉంటాయి. మనిషిలో వీటి సంఖ్య 46 అని 1956లో జియో, లెవాన్ అనే శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి తండ్రి నుంచి, మరొకటి తల్లి నుంచి వస్తుంది. ఈ క్రోమోజోముల మీదనే జన్యువులు వరుసగా అమరి ఉంటాయి. ఒక్కో జన్యువు శరీర నిర్మాణంలో ఒక్కో పనికి సంబంధించిన ఆదేశం వంటిది.

ఒక పెద్ద గ్రంథం రెండు ప్రతులు మన దగ్గర ఉన్నాయనుకుందాం. ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది. తండ్రి ప్రతిలో ఏదో ఒక పుటలో కాతిబ్ పొరపాటు దొర్లింది. తల్లి ప్రతిలో అదే పుట సరిగా ఉంటే చదువరికి ఇబ్బంది లేదు. కాని పొరపాటు మాయం కాలేదు, ఆ ప్రతిలోనే ఉంది. రేపు మనం మన బిడ్డకు ఇచ్చే ప్రతిలో ఆ పుట ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇలా లోపల ఉండి పైకి కనిపించని దాన్ని శాస్త్రజ్ఞులు అంతర్గత లక్షణం అంటారు. దాన్ని మోసే మనిషిని వాహకుడంటారు. ఒక్క ప్రతిలో ఉన్నా పైకి కనిపించేది బహిర్గత లక్షణం. బర్నో పట్టణంలోని ఒక మఠంలో గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలను తరతరాలుగా పెంచి, లెక్కించి, 1865లో ఈ నియమాన్ని వెల్లడించాడు. 1900 దాకా లోకం దాన్ని పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. బిడ్డకు చేరేది ఈ గ్రంథంలో రాసి ఉన్నది మాత్రమే. పుస్తకం అట్టకు అంటిన మరక దాని నకలులోకి దిగదు. తండ్రి చెట్టు మీది నుంచి పడి కాలు విరిగి కుంటితే బిడ్డ కుంటివాడై పుట్టడు. నల్లగొండ కథను ఈ వెలుగులోనే చూడాలి.

కాళ్లు వంచింది నెత్తురు కాదు, నీరు

ఈ ప్రాంతపు నేల అడుగున ఉన్నది నల్లసానపు రాయి, అంటే గ్రానైటు. అందులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. వానలు తక్కువ, నేల పొడి. రాతి సందుల్లో ఏళ్లతరబడి నిలిచిన నీటిలోకి ఆ ఫ్లోరైడు కరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములను మించరాదని భారత ప్రమాణం. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లలో ఎన్నో బావులూ బోర్లూ ఈ హద్దును దాటాయి. అటువంటి నీరు చిన్నతనంలో తాగితే పళ్లకు గార పడుతుంది. ఏళ్లతరబడి తాగితే ఎముకల్లో ఫ్లోరైడు పేరుకుని నడుము, మెడ బిగుసుకుపోతాయి, కాళ్లు వంగిపోతాయి.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. డాక్టర్ ఎ. హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని వర్ణిస్తూ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో, ఫ్లోరైడు ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే వ్యాధి గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల దశకంలో రూపొందించింది. ఆ పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు ప్రపంచమంతటా స్థిరపడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు ఈ నీటి గోడు దేశానికి వినిపించాలని నామినేషన్ వేసినవారే.

అయితే ఇది ఒకే ఇంట్లో తాతకూ, తండ్రికీ, మనుమడికీ ఎందుకు వచ్చింది? ఆ ఇంటిలో అందరూ ఒకే బావి నీరు తాగారు గనుక. వంశంలో వచ్చినట్లు కనిపించేదంతా వంశం వల్ల వచ్చినది కాదు. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మంచినీటి ఊరి నుంచి వచ్చిన కోడలికి ఈ ఖాందాన్ నెత్తురుతో సంబంధం లేదు, అయినా ఏళ్లు గడిచేసరికి ఆమె నడుమూ పట్టేస్తుంది. అదే ఇంటి కొడుకు పుట్టుకతోనే మంచినీరున్న చోట పెరిగితే కాళ్లు నిటారుగా ఎదుగుతాయి. తిండిలో కాల్షియం తక్కువైనవారికి, బలహీనులకు వ్యాధి తీవ్రం కావచ్చు. కాని మూలకారణం నీరే. 2016లో మొదలైన మిషన్ భగీరథ వల్ల కృష్ణా నీరు ఈ ఊళ్ల కుళాయిలకు చేరింది. పాత తరంలో వంగిన ఎముకలు మాత్రం నీరు మారినా తిరిగి నిటారు కావు. ఆ పెద్దల నడక చూసి మంచినీటితో పెరిగిన మనుమరాలి రిష్తాను తిప్పిపంపడం అన్యాయం. తండ్రి కాలు వంకర ఆమెకు విరాసత్‌గా రాదు.

ఆడపిల్ల, మగపిల్లవాడు

రెండో తీర్పుకు సమాధానం చిన్నది. 23 జతల్లో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది. స్త్రీలో ఆ జత రెండూ ఎక్స్ క్రోమోజోములే. పురుషునిలో ఒకటి ఎక్స్, ఒకటి వై. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది, ఇవ్వడానికి ఆమె దగ్గర మరొకటి లేదు. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. ఏది రావాలన్నది తండ్రి చేతిలోనూ లేదు. తాను తలచినవారికి ఆడబిడ్డలను, తలచినవారికి మగబిడ్డలను అల్లాహ్ ప్రసాదిస్తాడని సూరా షూరా 49, 50 ఆయతులు తెలుపుతున్నాయి. అక్కడ ఆడబిడ్డల ప్రస్తావనే ముందు వచ్చింది. దీన్ని నమ్మేవారు కోడలిని నిందించడానికి శాస్త్రంలోనూ ఆధారం లేదు, ధర్మంలోనూ లేదు.

ఎక్కడిదో ఒక 'ఇర్ఖ్'

ఇక మూడోది, అన్నిటికన్నా సూక్ష్మమైనది. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి ఉంది. బనూ ఫజారా తెగకు చెందిన ఒక పల్లెవాసి, తన భార్య నల్లని బిడ్డను కన్నదంటూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) ముందు అనుమానం వెలిబుచ్చాడు. ఆయన (స) అతని ఒంటెల రంగు అడిగారు. ఎర్రవని జవాబు వచ్చింది. వాటిలో బూడిదరంగువి ఉన్నాయా అని అడిగితే, ఉన్నాయన్నాడు. మరి ఆ రంగు ఎక్కడిదని అడగగా, ఏదో 'ఇర్ఖ్' లాగి ఉంటుందన్నాడు. నీ బిడ్డ సంగతీ అంతే కావచ్చునని ప్రవక్త (స) అతనికి నచ్చజెప్పారు. రంగులో తేడా ఉన్నంత మాత్రాన బిడ్డ తనది కాదనే హక్కు తండ్రికి లేదని ఫుఖహాలు దీని నుంచి గ్రహించారు.

అరబీలో 'ఇర్ఖ్' అంటే రక్తనాళం, వేరు, మూలం. తెలుగులో 'నరం' అంటే అర్థం చెడుతుంది, 'వేరు' అంటే సరిపోతుంది. వేరు మట్టిలో కనిపించదు, ఎక్కడో దూరంగా చిగురిస్తుంది. ఈ హదీసు జన్యుశాస్త్రం బోధించడానికి వచ్చినది కాదు, ఒక స్త్రీ గౌరవాన్ని కాపాడడానికి వచ్చినది. ప్రవచనాల్లోకి నేటి శాస్త్రాన్ని బలవంతంగా చొప్పించడం మనకు తగదు. కాని పశువులను పెంచే పల్లెవాసికి తెలిసిన సత్యం ఇందులో ఉంది. తల్లిదండ్రుల్లో కనిపించనిది బిడ్డలో కనిపించవచ్చు.

రంగు అయితే చింత లేదు. వ్యాధి అయితే? తలసీమియానే తీసుకుందాం. ఇది రక్తంలో హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు. తీవ్రరూపంలో వచ్చిన బిడ్డ మొదటి రెండేళ్లలోనే పాలిపోతాడు. తర్వాత మూడు, నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకోకుండా మందులు వాడుతూనే ఉండాలి. మన దేశంలో వందమందిలో ముగ్గురు నలుగురు దీని వాహకులని అంచనా. వాహకునికి ఏ బాధా ఉండదు, తాను వాహకుడినన్న సంగతే తెలియదు. వాహకుడు వాహకురాలిని పెళ్లాడినప్పుడే ప్రమాదం. అప్పుడు బిడ్డకు రెండు ప్రతుల్లోనూ పొరపాటున్న పుటే వచ్చే అవకాశం 1/4.

ఈ 1/4ను ఫరాయిజ్‌లోని 1/4 లాగా అర్థం చేసుకోరాదు. సంతానం లేని భర్త మరణిస్తే భార్యకు నాలుగో వంతు అని సూరా నిసా 12వ ఆయతు నిర్ణయించింది. అది వాటా. కచ్చితంగా అంతే దక్కుతుంది. జన్యుశాస్త్రపు నాలుగో వంతు వాటా కాదు, సంభావ్యత. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది గనుక మిగతా ముగ్గురూ క్షేమమని కాదు. ప్రతి కానుపులోనూ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

చుట్టరికపు పెళ్లి

చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని బిడ్డలతో నికాహ్ ధర్మసమ్మతం. సూరా అహ్‌జాబ్ 50వ ఆయతు ఇటువంటి సంబంధాలను పేర్కొన్నది. మన తెలుగునాట హిందూ సోదరుల్లో కొందరు చేసుకునే మేనమామ, మేనకోడలి వివాహం మాత్రం సూరా నిసా 23వ ఆయతు ప్రకారం మనకు నిషిద్ధం. ధర్మసమ్మతమైన దాన్ని హరామ్ అనే అధికారం ఎవరికీ లేదు. దగ్గరి బంధువులను చేసుకుంటే సంతానం బలహీనమవుతుందని ప్రచారంలో ఉన్న ఉల్లేఖనానికి నమ్మదగిన మూలం దొరకలేదని ఇమామ్ ఇబ్నుస్సలాహ్ చెప్పారు. అయినా మరీ దగ్గరి బంధువు కాకపోవడాన్ని వధువులో కోరదగిన గుణాల్లో ఒకటిగా ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో లెక్కించారు. అంటే అది అనుమతే, ఆజ్ఞ కాదు.

శాస్త్రం చెప్పేది ఇది. ఒక వ్యక్తిలో లోపమున్న ఒక జన్యువు ఉంటే, అతని చిన్నాన్న కూతురిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం 1/8. ఇద్దరి గ్రంథాలూ ఒకే తాతగారి ప్రతి నుంచి నకలు చేసినవి మరి. సామాన్యంగా వంద కానుపుల్లో ఇద్దరు ముగ్గురు శిశువులకు పుట్టుకతో ఏదో లోపం ఉంటుంది. ఇటువంటి దంపతుల్లో అది మరో రెండు మూడు పెరుగుతుంది. కనుక అత్యధికుల బిడ్డలు ఆరోగ్యంగానే ఉంటారు. అందుకే భయపడనవసరం లేదు. అలాగని నిర్లక్ష్యమూ తగదు. ముఖ్యంగా ఇంట్లో ఇదివరకే అటువంటి బిడ్డ పుట్టి ఉంటే, ఒకే ఖాందాన్‌లో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటే జాగ్రత్త పడాలి. బయటి సంబంధం చేసుకున్నా వాహకులు ఎదురుకావచ్చు. కనుక రక్షణ చుట్టరికాన్ని వదలడంలో లేదు, పరీక్షలో ఉంది.

ఆ పరీక్ష కష్టమైనది కాదు. కొద్దిపాటి రక్తం తీసి ఎర్రకణాల పరిమాణాన్నీ, హీమోగ్లోబిన్ ఎ2 శాతాన్నీ చూస్తారు. ఇరాన్ 1997 నుంచి వివాహానికి ముందు తలసీమియా పరీక్షను దేశవ్యాప్తంగా అమలు చేసింది. సౌదీ అరేబియా 2004లో తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలను తప్పనిసరి చేసింది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ మహబూబ్‌నగర్ జిల్లాలో గర్భిణులకు ఈ పరీక్ష చేసే కార్యక్రమాన్నీ చేపట్టింది. బేగంపేటలోని జన్యు వ్యాధుల ఆసుపత్రిలోనూ, నిమ్స్‌లోనూ సలహా దొరుకుతుంది.

"ఇది తఖ్దీర్‌ను కాదనడం కాదా?" అని కొందరు అడుగుతారు. షామ్‌లో ప్లేగు ప్రబలిందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగినప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇటువంటి ప్రశ్నే వేశారు. అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపే వెళ్తున్నామన్నది ఆయన ఇచ్చిన జవాబు సారాంశం. జాగ్రత్త కూడా తఖ్దీర్‌లోని భాగమే.

కనుక మంగ్నీకి ముందు మన పెద్దలు అడగవలసిన ప్రశ్నలు మారాలి. ఆ ఇంటి తాత కాళ్లు ఎలా ఉన్నాయని అడగవద్దు, ఊళ్లో ఇప్పుడు ఏ నీరు తాగుతున్నారో అడగండి. పిల్ల తల్లికి ఎందరు ఆడపిల్లలని అడగవద్దు. పిల్లనూ పిల్లవాడినీ ఇద్దరినీ రక్తపరీక్ష చేయించుకోమని చెప్పండి. ఇద్దరూ వాహకులని తేలితే ఆ సంగతి ఊరంతా చాటకండి, అది వారి అమానత్. వాహకుడు రోగి కాదు, వాహకురాలికి నికాహ్ నిషిద్ధమూ కాదు. వాహకుడు కాని వ్యక్తిని చేసుకుంటే వారి బిడ్డలకు ఈ తీవ్రవ్యాధి రాదు. తెలియక చెప్పిన తీర్పు వల్ల ఏ ఆడపిల్ల రిష్తా తప్పకుండా, తెలుసుకోని నిర్లక్ష్యం వల్ల ఏ పసిబిడ్డ బాధపడకుండా అల్లాహ్ మనకు వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.