ఓటు వేరైనా ప్రభువు బల్ల ఒక్కటే

ఎన్నికల వేళ పార్టీల విభేదాలు గ్రామాల్లోని క్రైస్తవ సంఘాలనూ తాకుతుంటాయి. అయితే చర్చిని ప్రచార వేదికగా వాడరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి స్పష్టం చేస్తోంది. మతం పేరిట ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. ఎన్నిక రద్దుకూ దారితీయవచ్చు. ఓటరు మతం పేరు చెప్పి అడిగినా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2017 జనవరి 2న తీర్పునిచ్చింది.

బైబిలు బోధా ఇందుకు భిన్నం కాదు. పాలకుల పన్నులు వసూలు చేసిన సుంకరి మత్తయి, రోమా పాలనను ప్రతిఘటించిన వర్గం పేరు మోసిన జెలోతే సీమోను ఇద్దరూ యేసు పన్నెండుమంది శిష్యుల్లోని వారే. కొరింథు సంఘంలో నాయకుల పేర్లతో వర్గాలు ఏర్పడగా పౌలు లేఖ రాసి మందలించాడు.

ఓటు రహస్యం, అంతఃకరణకు సంబంధించినది. దానిని ప్రసంగ పీఠం నుంచి శాసించనప్పుడే, ఫలితాల అనంతరం గెలిచిన పక్షంవారూ ఓడినవారూ ఒకే బల్ల వద్ద రొట్టె పంచుకోగలుగుతారు.